మెడ దగ్గరి వరుస

2006 వర్షాకాలంలో నేను తాడేపల్లిగూడెం గోడౌనులో క్వాలిటీ కంట్రోలరుగా పనిచేస్తున్నాను. ఇల్లు ఏలూరులో. పొద్దున పాసింజరు బండి ఎక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ బండిలోనే తిరిగి వచ్చేదాన్ని. జీతం ఇచ్చేది చెన్నైలో ఒక బయింగ్ ఆఫీసు. వాళ్ళు ఏ విదేశీ కంపెనీ కోసం సరుకు కొంటున్నారో బయట చెప్పకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ పేరు రాయను. రాసినా పాఠకులకు ఒరిగేదేమీ లేదు. ఆ పేరున్న వస్తువు మన జిల్లాలో ఎవరి ఒంటి మీదా నేను చూడలేదు.

పేరు లేకపోయినా ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో చెప్పవచ్చు. అందరి పైన ఒక గ్రూపు ఉంటుంది. దాని కింద చాలా హౌసులు. ఒక హౌసు చేతిసంచులు చేస్తుంది, ఒకటి గడియారాలు, ఒకటి సెంట్లు, ఒకటి బట్టలు. ప్రతి హౌసుకూ సొంత డిజైనరు, సొంత దుకాణాలు, సొంత పరువు. బజారులో ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ముడిసరుకు కొనుగోళ్ళు, లాయర్లు, రవాణా, బ్యాంకులు మాత్రం గ్రూపు చేతిలోనే ఉంటాయి. తోడికోడళ్ళు వంటిళ్ళు వేరు చేసుకుని, ధాన్యం కొట్టు తాళం అత్తగారి దగ్గరే ఉంచినట్టు అన్నమాట.

మాది బట్టల హౌసు. బొమ్మ గీసే స్టూడియో పారిస్‌లో ఉండేది. స్టూడియో గీసింది ప్రొడక్షన్ విభాగానికి, అక్కడి నుంచి సరుకు ఎక్కడ చేయించాలో తేల్చే హాంగ్‌కాంగ్‌లోని సోర్సింగ్ ఆఫీసుకు, అక్కడి నుంచి చెన్నైకి, చెన్నై నుంచి ఇక్కడి కమీషన్ ఏజెంటుకు వచ్చేది. ఏజెంటు ఊళ్ళలో ఆడవాళ్ళకు దారం పంచి లేసు అల్లించేవాడు. ఈ గొలుసులో ఎవరికైనా తెలిసేది తనకు పైనున్న మనిషీ, కిందున్న మనిషీ మాత్రమే. అది పొరపాటున జరిగింది కాదు, అలా ఉండాలనే ఏర్పాటు చేశారు. ఆకివీడు వైపు ఆడవాళ్ళకు తాము అల్లే కాలరు ఇటలీలో ఏదో జాకెట్టుకు కుడతారని తెలియదు. ఆ జాకెట్టు ఎవరు తొడుక్కుంటారో నాకూ తెలియదు.

ఈ మొత్తం గొలుసు ఒక వస్తువు మీద నిలబడి ఉంటుంది. దాన్ని సీలు మచ్చు అంటాం. డిజైను ప్రకారం ఒక మంచి పనిమంతురాలి చేత ముందుగా ఒక పీసు అల్లించి పైకి పంపుతాం. స్టూడియో ఒప్పుకుంటే దానికి ప్లాస్టిక్ సీలు బిగించి నంబరు వేసి వెనక్కి పంపుతారు. ఆ తరువాత బొమ్మకు విలువ లేదు, కాగితం మీది కొలతలకూ విలువ లేదు. మచ్చు ఎలా ఉంటే అదే ఒప్పు. మచ్చులో వంకర ఉంటే ఆ వంకరే ఒప్పు. నా ఉద్యోగమంతా వచ్చిన ప్రతి పీసునూ మచ్చు పక్కన పెట్టి, తేడా ఉంటే తీసి పారేయడమే. నాకు నోరు కాస్త దురుసని మా ఆయన అంటారు. ఆ ఉద్యోగానికి అదీ అవసరమే.

ఆ ఏడు వచ్చిన డిజైను ఒక తెల్ల లేసు కాలరు. బయటి అంచు దగ్గర మొదలుపెట్టి వరుసలు వరుసలుగా లోపలికి అల్లుకుంటూ వచ్చి, మెడకు ఆనే వరుసతో ముగించాలి. మచ్చు మీద స్టూడియో వాళ్ళు ఒక్క మాట రాశారు, చివరి వరుస దగ్గరకు ముడుచుకున్న తీరు చాలా బాగుందని. అలా ప్రత్యేకంగా మెచ్చుకోవడం అరుదు. మా ఏజెంటు సత్తిరాజు గారు ఆ మాట విని నాలుగు రోజులు తల ఎత్తుకుని తిరిగారు.

మొదటి పార్సెలు శ్రావణంలో వచ్చింది. మూట విప్పి బల్ల మీద పరిచాను. మొదటి పీసు పూర్తి కాలేదు. పక్కన పెట్టాను. రెండోదీ అంతే. అన్నీ విప్పి చూశాక కుర్చీలో కూర్చుండిపోయాను. నలభై ఇళ్ళలో నలభై మంది అల్లిన పీసులు ఒకే చోట ఆగిపోయి ఉన్నాయి. మెడ దగ్గరి వరుస ఒక్కటీ లేదు. దారం తెగలేదు, ఎవరూ తొందరపడి వదిలేసినట్టూ లేదు. ప్రతి పీసుకూ మిగిలిన దారం చిన్న ఉండగా చుట్టి, విడిపోకుండా ముడి వేసి ఉంది. బద్ధకంతో వదిలేసిన పని అలా ఉండదు. ఎందుకో ఆ పీసులను ముట్టుకోబుద్ధి కాలేదు.

సత్తిరాజు గారికి ఫోను చేశాను. ఆయన నీళ్ళు నమిలారు. "వానలండి, విజయ గారూ. కరెంటు ఉండట్లేదండి ఊళ్ళో" అన్నారు.

"మెడ దగ్గర ఒక్కచోటే పడుతున్నాయాండీ వానలు?" అని అడిగాను.

ఆయన మళ్ళీ వానల మాట ఎత్తలేదు. మీరే ఒకసారి వచ్చి చూడండి, నేను చెబితే బాగుండదు అన్నారు.

మర్నాడు గణపవరం మీదుగా ఆకివీడు వెళ్ళి, అక్కడి నుంచి ఆయన మోటారు సైకిలు మీద కొల్లేరు గట్టున ఉన్న ఆ ఊరికి చేరాను. ఆ వేసవిలోనే సర్కారు వాళ్ళు యంత్రాలు పెట్టి చేపల చెరువుల గట్లు తవ్వించేశారు. ఎప్పుడూ ఐసు లారీలతో కిక్కిరిసి ఉండే దారి ఖాళీగా ఉంది. తెగిన గట్ల మధ్య నీళ్ళు ఏ అలికిడీ లేకుండా పడి ఉన్నాయి. మగవాళ్ళు అరుగుల మీద ఊరికే కూర్చుని ఉన్నారు. ఆ ఏడు ఆ ఊరికి బయటి నుంచి వచ్చే డబ్బంటే లేసు డబ్బే. ఇది గుర్తుంచుకోవాలి, తరువాతి కథంతా దీని మీదే నడిచింది.

ఆడవాళ్ళు చర్చి పక్క షెడ్డులో కూర్చుని అల్లుతున్నారు. సూదులు చకచకా ఆడుతున్నాయి. నమస్కారం పెట్టారు, కుర్చీ వేశారు, టీ తెప్పించారు. మెడ దగ్గరి వరుస ఎందుకు అల్లలేదని అడిగితే మాత్రం అందరూ ఒళ్ళోకి చూశారు. మచ్చు చూపించి మాట్లాడదామని సంచిలోంచి తీశాను. ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ సూదులు కింద పెట్టి తల మీదికి పైట లాక్కున్నారు. ప్రార్థనకు కూర్చున్నప్పుడు ముసుగు వేసుకోవడం వాళ్ళ ఆచారం. కానీ అక్కడ ప్రార్థన చేయించేవాళ్ళు ఎవరూ లేరు. నా చేతిలో లేసు ముక్క తప్ప మరేమీ లేదు.

చివర కూర్చున్న ఒక అమ్మాయి లేచి నన్ను బయటికి రమ్మంది. పేరు ఏస్తేరు. పాతికేళ్ళుంటాయి. ఆ ఊళ్ళో అందరికన్నా సన్నని పని తనది.

"అది మా అమ్మ అల్లిందండి" అంది. తల్లి పేరు సువార్తమ్మ. ఎన్నో ఏళ్ళుగా మచ్చులు అల్లింది ఆవిడే. ఆ వేసవిలో ఆవిడకు కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. తరువాత నడుము నిలబడలేదు. గోడకు జారగిలబడి, తల ఎడమవైపుకు వాల్చి మచ్చు అల్లింది. రోగి ఇంట్లో నలుగురూ చేరి పాటలు పాడుకుంటూ పని చేసుకోవడం అక్కడ అలవాటు. అందుకని ఊళ్ళో లేసు అల్లేవాళ్ళంతా ఆవిడ చుట్టూనే ఉన్నారు. మెడ దగ్గరి వరుసకు వచ్చేసరికి వేళ్ళు వదులు కాలేదు. ఒక్కో కుట్టూ బిగుసుకుంటూ పోయింది. ఆఖరి కుట్టు లాగింది. సూది చేతిలోనే ఉంది.

"మేం నిద్రపోయిందనుకున్నామండి" అంది ఏస్తేరు.

మచ్చు గడువుకు పంపాలి కనుక సత్తిరాజు గారు దాన్ని తీసుకుని చెన్నైకి పంపేశారు. మనిషి పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏ కాగితంలోనూ అడగలేదు కదండీ అన్నారు నాతో. నిజమే, అడగలేదు.

మచ్చును వెలుతురుకు ఎత్తిపట్టి చూశాను. నేను టేపుతో ఎన్నిసార్లు కొలిచిన పీసో అది. బయటి అంచు ధారాళంగా ఉంది. లోపలికి వస్తున్నకొద్దీ కుట్లు కొంచెం కొంచెంగా చిన్నవవుతున్నాయి. మెడ దగ్గర పూర్తిగా బిగుసుకుపోయాయి. ఒక మనిషి చెయ్యి ఎలా ఆగిపోయిందో అందులో మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తోంది. స్టూడియో వాళ్ళకు నచ్చింది అదే.

చర్చి పాస్టరు గారు భయపడవద్దని చెప్పారట. భయం కాదండి అంది ఏస్తేరు. ఆ వరుసను అలాగే రావాలని అల్లబోతే చెయ్యి ముందుకు సాగడం లేదట. పంతం పట్టి అల్లిన ఒకావిడకు పొద్దుగూకేదాకా వేళ్ళకు స్పర్శ రాలేదట. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. ఆ మాటే అనబోయి, షెడ్డులో ముసుగులు చూసి ఊరుకున్నాను.

చివరి వరుసను తిన్నగా అల్లించి పంపవచ్చుగా అని పాఠకులు అనుకోవచ్చు. అలా కుదరదు. మచ్చు నుంచి పక్కకు పోవాలంటే పై నుంచి మినహాయింపు రావాలి. చెన్నైకి రాశాను. మా అధికారి మంచివాడే, కానీ అది తన పరిధి కాదంటూ పైకి పంపాడు. హాంగ్‌కాంగ్ వాళ్ళు ధర, గడువు మాత్రమే చూస్తామన్నారు. ప్రొడక్షన్ వాళ్ళు, సౌందర్యానికి సంబంధించిన నిర్ణయాలు స్టూడియోవి అన్నారు. స్టూడియో నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. ఆ ముడుచుకోవడమే ఈ కాలరు, అది లేకపోతే కాలరు లేదు అని. మచ్చు అల్లినావిడ చనిపోయిందని నేను మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ వాక్యం ఏ మెట్టు దగ్గర రాలిపోయిందో నాకు ఈనాటికీ తెలియదు. నాకు పైన ఉన్న మనిషి తప్ప ఆ పైవాళ్ళెవరూ నాకు తెలియరు కదా.

గడువు తప్పితే ఏజెంటు పేరున ఆర్డర్లు వచ్చే కోడు నంబరు ఆపేస్తారు. కోడు ఆగితే ఊరికి పని ఆగుతుంది. మళ్ళీ తెరిపించాలంటే తనిఖీలతో ఏడాది గడుస్తుంది. చెరువులు పోయిన ఏడు అది. ఆ సంగతి నేను చెప్పకముందే ఏస్తేరు గ్రహించింది. ఒకరోజు సత్తిరాజు గారితో కలిసి గోడౌనుకు వచ్చింది.

"వాళ్ళ చేత చేయించకండి మేడమ్ గారూ. అన్నిటికీ ఆ వరుస నేనే అల్లేస్తాను" అంది.

ఎందుకమ్మా నీకు అన్నాను. చెల్లెలు ఏలూరులో నర్సింగు చదువుతోందని, అమ్మ మచ్చుపని తనకు ఇప్పిస్తామని సత్తిరాజు గారు మాటిచ్చారని చెప్పింది. మచ్చుపని అంటే లేసు పనిలో అందరికన్నా పై మెట్టు. మామూలు పీసులకు ముక్కకింత అని ఇస్తారు, మచ్చుకు రోజు కూలీ ఉంటుంది. పనీ ఏడాది పొడుగునా ఉంటుంది. ఆ అమ్మాయి కోరుకున్నది ఆ చోటే. అందుకు తగిన చెయ్యి కూడా తనకుంది.

గోడౌనులో కిటికీ పక్కన చాప వేయించాను. మొదటి రోజు మచ్చు ముందు పెట్టుకుని, కుట్టు కుట్టుకూ దాన్ని చూస్తూ అల్లింది. నేను కొలిచాను. కాస్త తేడా ఉంది కానీ వదిలేయదగ్గ తేడాయే. రెండు మూడు రోజులు పోయాక చాప మీద నిటారుగా కూర్చోవడం మానేసి గోడకు జారగిలబడింది. తల ఎడమవైపుకు వాలింది. మచ్చును చూడడం మానేసింది. పట్టపగలు, ఉక్కపోతగా ఉన్న గోడౌనులో ముసుగు వేసుకుని, ఫ్యాను ఆపమని అడిగింది. టీ ఇస్తే ఎడమచేత్తో అందుకుంది. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది.

ఏమ్మా, నొప్పా అని అడిగాను. నొప్పి లేదండి, నాది కానట్టుంది అంది. పని ముగించి లేచాక ఆ చేత్తోనే జడ వేసుకుంది, క్యారేజీ కడుక్కుంది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కొలతల సంగతి చెప్పాలి. చేతిపనిలో రెండు పీసులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే మనిషి పొద్దున అల్లిందీ సాయంత్రం అల్లిందీ కూడా తేడా వస్తాయి. అందుకే మాకు ఇంత వరకు తేడా పరవాలేదని హద్దులు పెడతారు. ఏస్తేరు వరుసలు మాత్రం రోజురోజుకూ మచ్చుకు దగ్గరవుతూ వచ్చి, ఆఖరి రోజుల్లో ఏ తేడా లేకుండా నిలిచాయి. టేపు పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. పీసు మీద పీసు పెట్టి వెలుతురుకు పట్టాను. ఒక్క కుట్టూ పక్కకు పోలేదు. నా సర్వీసు మొత్తంలో అలాంటిది మళ్ళీ చూడలేదు. సీలు లేకపోతే వాటిలో చనిపోయినావిడది ఏదో నేను చెప్పలేను. అన్నిటి మీదా పాస్ ముద్ర వేశాను. ముద్ర వేయడానికి నాకేం అడ్డు? అవి మచ్చులాగే ఉన్నాయి.

సరుకు గడువులోపలే వెళ్ళింది. స్టూడియో నుంచి మెచ్చుకుంటూ రాశారు. మచ్చును ఆ హౌసు దాచుకునే పాత వస్తువుల భాండాగారానికి పంపమన్నారు. అక్కడ ఎప్పుడూ ఒకే చల్లదనం ఉండే గదిలో, వెలుతురు తగలకుండా, నంబరు వేసి శాశ్వతంగా ఉంచుతారు. నేనే ప్యాక్ చేసి పంపాను.

తరువాతి సీజన్‌కు చేతి అంచులకు వేసే పట్టీ వచ్చింది. బొమ్మలో రెండు వైపులా తిన్నని గీతలే. మాటిచ్చినట్టే మచ్చుపని ఏస్తేరుకు ఇచ్చారు. పీసు వచ్చింది. మొదలు చక్కగా ఉంది, చివరి వరుస ముడుచుకుపోయింది. విప్పి మళ్ళీ అల్లమన్నాను. మళ్ళీ అలాగే వచ్చింది. చివరికి గోడౌనుకు పిలిపించి, పగటి వెలుతురులో నా ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. గోడకు ఆనుకునే వీలు లేదు.

ఏస్తేరు పైకి లెక్కపెడుతూ అల్లింది. నేనూ పక్కనే లెక్కపెట్టాను. కుట్లు సరిపోయాయి. సూది అదే, దారం అదే. చివరి వరుస మొదలవగానే చెయ్యి నెమ్మదించింది. ఆ అమ్మాయి తన చేతిని, బస్సులో పక్క సీటు మనిషి చేతిని చూసినట్టు చూస్తోంది. నా కళ్ళ ముందే అంచు లోపలికి ముడుచుకుంటూ వచ్చింది.

"నేను లాగట్లేదండి" అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేడమ్ గారూ, నేను లాగట్లేదండి."

నాకు భయం వేసింది. ఇక ఆపమ్మా అన్నాను. వరుస అయ్యేదాకా చెయ్యి ఆగలేదు.

ఏలూరులో నరాల డాక్టరుకు నేనే దగ్గరుండి చూపించాను. చేతికి ఏ లోపమూ లేదన్నారు. తల్లి జబ్బు బిడ్డకు వచ్చిందేమోనని ఆ పరీక్షా చేశారు. లేదు. పప్పు రుబ్బుతుంది, చేపలు కోస్తుంది, ఉత్తరం రాస్తుంది. లేసు చివరి వరుస దగ్గర మాత్రం చెయ్యి తన మాట వినదు.

పోనీ ముడుచుకున్న అంచు వాళ్ళకు నచ్చిందే కదా అని, ఆశ చావక, ఆ పట్టీనే ఫోటో తీసి పైకి పంపాను. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. పని అందంగా ఉంది కానీ, ఈ సీజన్‌లో ముడుచుకునే అంచులు లేవు. మచ్చుపని పాలకొల్లు వైపు ఇంకో ఆవిడకు వెళ్ళింది. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

ఏస్తేరు అతుకుపనిలోకి మారింది. వేరేవాళ్ళు అల్లిన పువ్వులను ఒకదానికొకటి కలపడం ఆ పని. అందులో చివరి వరుస ఉండదు. చెల్లెలు చదువు కష్టం మీద పూర్తయింది. నేను రిటైరయ్యే ముందు ఆ ఊరికి ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఏస్తేరు నన్ను బస్సు దాకా సాగనంపింది. వైశాఖ మాసం, ఎండ మండిపోతోంది. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది.

"అమ్మ అల్లింది ఇప్పుడెక్కడ ఉంటుందండి?" అని అడిగింది.

చాలా దూరంలో, ఒక గదిలో భద్రంగా ఉంది అన్నాను.

"అక్కడ చల్లగా ఉంటుందాండి?"

ఆ గది సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నీకెవరు చెప్పారు అన్నాను.

"ఎవరూ చెప్పలేదండి. ఈ చేతికి ఎప్పుడూ చలేస్తుంటేనూ, అడిగానంతే" అంది.

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నేర్పిన మొదటి సూత్రం, పీసును చూడు, మనిషిని చూడకు అని. మనిషిని చూస్తే జాలి కలుగుతుందనీ, జాలి కలిగితే కొలత తప్పుతుందనీ చెప్పేవారు. ఆ సూత్రం సరుకు వరకు మంచిదే. మచ్చుకు పనికిరాదు. మచ్చును నలభై చేతులు అనుసరిస్తాయి, అందులో ఏముంటే అది ఆ చేతుల్లోకి వెళుతుంది. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, అల్లిన మనిషిని వెళ్ళి కళ్ళారా చూడకుండా నేను ఏ మచ్చునూ సీలుకు పంపలేదు.